నీళ్ల గార పళ్లకు వైటెనింగా, వెనీర్లా? మధ్యలో ఉన్న మెట్లు

మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో మళ్లీ చెప్తాను, మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. వయసు 24. పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో, చిన్నప్పుడంతా బోరింగు నీళ్లే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. పైన ముందు నాలుగు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, మిగతా పళ్ల మీద సున్నం చిలకరించినట్టు తెల్లమచ్చలు. పెళ్లికి పది వారాలుంది. ఒక క్లినిక్‌లో "లేజర్ వైటెనింగ్, గంటలో తెల్లగైతయి" అన్నారు. ఇంకో క్లినిక్‌లో "మీ పళ్లకు వైటెనింగ్ పనిచెయ్యదు, పైవరుసలో పది వెనీర్లు పెట్టాల్సిందే" అన్నారు. వెనీరంటే పన్ను ముందు వైపు అతికించే పలచని పింగాణీ పలక. ఈ రెండింట్లో ఏది అని మీరు అడిగారు. చివర్లో మీ అక్క కూతురి గురించి కూడా ఒక మాట అడిగారు, దానికీ వస్తాను.

మీకు మొదట కావాల్సింది ఈ రెండూ కాదు. ఈ రెండింటికీ ముందూ మధ్యా ఇంకో నాలుగు మెట్లున్నాయి. మీలాంటి పళ్లున్నవాళ్లలో ఎక్కువమంది ఆ మధ్య మెట్ల మీదే ఆగిపోవచ్చు. ఆ సంగతి రెండు క్లినిక్‌లలోనూ మీకు ఎవరూ చెప్పలేదంటే నాకు పెద్ద ఆశ్చర్యం లేదు.

నేను పళ్ల డాక్టర్‌ని, నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు. అంతకంటే ముందు చెప్పాల్సింది, నేనూ నాంపల్లి మండలం పిల్లనే. మీ పళ్లలాంటివే నా పళ్లు. ఇంటర్ గ్రూప్ ఫోటోలో నలభై మందిమి ఉంటే, నోరు మూసుకుని నవ్వినవాళ్లు పదిహేను మంది, అందులో నేనొకదాన్ని. నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోతుంది. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే పేషెంటు మా వైపువాళ్లా కాదా అన్నది, నోరు తెరవకముందే ఆ చెయ్యి చూసి చెప్పగలను. ఆడవాళ్లయితే కొంగు, మగవాళ్లయితే మీసం సవరించుకుంటున్నట్టు రెండు వేళ్లు.

ముందు ఆ రంగు ఎక్కడుందో తెలిస్తే మిగతాదంతా సులువు. పెద్ద పళ్లు, అంటే పాలపళ్లు ఊడాక వచ్చేవి, చిగురు లోపల చాలా ముందే తయారవుతాయి. ముందుపళ్ల పైభాగం పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల వయసు దాకా గట్టిపడుతూ ఉంటుంది. జ్ఞానదంతాలు తప్ప మిగతావన్నీ దాదాపు ఎనిమిదేళ్లకల్లా లోపల పూర్తవుతాయి. ఆ వయసులో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే, పన్ను పైపొర నిండుగా గట్టిపడదు. పైన గాజులా కనిపించినా, దాని కింద కంటికి కనపడనంత సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. ఇదే నీళ్ల గార, మా డాక్టర్ల మాటలో ఫ్లోరోసిస్. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. మన గ్రానైటు నేలలో లోతుకు దింపిన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు తాగి పెరిగినవాళ్లం మనం.

చేనేతకు పేరున్న పుట్టపాక మీకు దూరమేం కాదు కాబట్టి ఈ పోలిక మీకు వెంటనే అందుతుంది. చీర మీద చాయ్ ఒలికితే అది మరక, ఉతికితే పోతుంది. కానీ తేలియా రుమాలు మీది పువ్వు ఎంత ఉతికినా పోదు. ఎందుకంటే అక్కడ ముందు దారానికి చిటికి కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. రంగు నేతలోనే ఉంటుంది. మీ పళ్ల మీది తెల్లమచ్చలు ఆ రకం. పన్ను నేసేటప్పుడే పడ్డవి. గోధుమ చారలు మాత్రం అట్లా కాదు. ఆ చోట్ల పొర బోలుగా ఉంది, పన్ను బయటికి వచ్చాక ఏళ్ల తరబడి చాయ్, పసుపు, పులుసు ఆ రంధ్రాల్లోకి ఇంకి అట్లా తేలాయి. అందుకే చూడ్డానికి గోధుమరంగు భయంకరంగా ఉన్నా, పోయేది ముందు అదే. అమాయకంగా కనిపించే తెలుపే మొండిది. ఇది తిరగబడ్డట్టు అనిపిస్తుంది కానీ వైద్యమంతా ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. పొద్దున కిటికీ దగ్గర వెలుతురులో అద్దం ముందు నిలబడి, పెదవి పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో ముందుపళ్లు తుడిచి ఒక నిమిషం నోటితో గాలి పీలుస్తూ ఆరనివ్వండి. తెల్లమచ్చలు ఇంకా తెల్లగా, పెద్దగా కనిపిస్తాయి. నాలుకతో తడిపితే మళ్లీ కొంచెం సద్దుమణుగుతాయి. తడికీ పొడికీ ఆ తేడా బాగా ఉందంటే మచ్చ బోలుగా ఉందని అర్థం. నేను కింద చెప్పే పద్ధతుల్లో ఒకటి సరిగ్గా అలాంటి మచ్చకే పనికొస్తుంది. ఇంకోటి, కుడి పక్క పన్నుకు ఉన్న గుర్తు ఎడమ పక్క జత పన్నుకూ దాదాపు అదే ఎత్తులో ఉందా చూడండి. ఒకే కాలంలో తయారైన పళ్లు కాబట్టి నీళ్ల గార రెండు పక్కలా సమంగా ఉంటుంది. ఒక్క పన్ను మాత్రమే నల్లగా, బూడిదరంగులో ఉంటే అది వేరే కథ. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డప్పుడు లోపల నరం చచ్చిపోయిన పన్ను అయుండొచ్చు. దానికి ఎక్స్‌రే తీయకుండా ఎవరూ ఏమీ చేయకూడదు.

ఇప్పుడు మెట్లు. మొదటిది క్లీనింగ్, మేం స్కేలింగ్ అంటాం. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైతయట గద డాక్టరమ్మా" అని వారానికి పదిమంది అడుగుతారు. వదులైన పళ్లను గారగడ్డ, అంటే రాయిలా గట్టిపడ్డ పాచి, పట్టుకుని ఉంటుంది, గడ్డ తీస్తే ఉన్న వదులు బయటపడుతుంది, అంతే. మీ వయసుకు ఆ బెంగే అక్కర్లేదు. గడ్డ గార, పై మరకలు పోయాకే అసలు రంగు ఏంటో నాకైనా, ఎవరికైనా తెలుస్తుంది. క్లీనింగ్ చేయకుండా, చిగుళ్లనుంచి రక్తం కారుతుండగానే వెనీర్ల కొటేషన్ ఇచ్చినవాళ్లను నేను నమ్మను.

రెండో మెట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన జిల్లా పళ్లకు ఇదే పెద్ద దిక్కు, దీనికి మాత్రం ఏ హోర్డింగూ ఉండదు. పేరు మైక్రోఅబ్రేషన్. నోట్లో రబ్బరు షీటు బిగించి, పళ్లు మాత్రమే బయటికి కనిపించేలా చేస్తాం, చిగుళ్లకు మందు తగలకూడదు కాబట్టి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మెత్తటి గరుకు పొడి కలిసిన పేస్టు ఉంటుంది. అందులో ఆమ్లం 6.6 శాతం. దాన్ని పన్ను మీద పెట్టి చిన్న రబ్బరు కప్పుతో మెల్లగా, ఒక నిమిషం తిప్పుతాం. కడిగి చూస్తాం. మళ్లీ పెడతాం. పేస్టు కడిగిన ప్రతిసారీ గోధుమరంగు ఒక పొర తేలికవుతుంది, ఇత్తడి చెంబుకు చింతపండు రుద్దుతుంటే మెరుపు ఎట్లా బయటికొస్తుందో అట్లాగే. ఐదారు సార్ల తర్వాత పేషెంటు చేతికి అద్దం ఇస్తాను. పదిహేనేళ్లుగా ఉన్న చార కళ్లముందే సగం పోవడం చూసి నోట్లో రబ్బరు షీటు ఉన్న సంగతి మరిచి మాట్లాడబోతారు.

ఇందులో అరిగేది మొత్తం మీద మిల్లీమీటరులో పదో వంతు, లేదా దానికి కాస్త అటూఇటూ. మత్తు సూది అక్కర్లేదు. ఒకటి రెండు సిట్టింగుల్లో అయిపోతుంది, పోయిన గోధుమరంగు మామూలుగా తిరిగి రాదు. చివర్లో పళ్లకు ఫ్లోరైడ్ జెల్ రాస్తాం. "దాంతోనే గద ఈ గతి పట్టింది, మళ్ల అదే రాస్తున్నరేంది" అని ఒక రైతు నన్ను కుర్చీలోంచి లేచి మరీ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పన్ను తయారయ్యేటప్పుడు కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ చేసిన పని వేరు, తయారైన పన్ను మీద పైపైన రాసి ఊసేసే ఫ్లోరైడ్ చేసే పని వేరు. పెద్దవాళ్లకు ఇప్పుడు ఎంత రాసినా కొత్త మచ్చ రాదు.

ఇక మూడో మెట్టు, మీకు గంటలో అవుతుందని చెప్పిన వైటెనింగ్. ఇందులో మందు పెరాక్సైడ్. పన్ను పొరల్లోకి ఇంకి, అక్కడి రంగు కణాలను విడగొడుతుంది. పన్నును గీకదు, అరగదీయదు. క్లినిక్‌లో పెట్టేది ఎక్కువ గాఢత, 35 శాతం చుట్టుపక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇంటికి ఇచ్చేది మీ పళ్ల అచ్చుతో చేసిన పలచని ప్లాస్టిక్ ట్రే, అందులో వేసుకోడానికి 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్. ఇది విడిపోతే సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానం. రాత్రి పెట్టుకుని పడుకోవడం, రెండు మూడు వారాలు. చివరికి వచ్చే తెలుపు రెండింట్లోనూ దాదాపు ఒకటే, వేగంలోనే తేడా. నాకైతే ఇంటి ట్రేనే ఇష్టం. పళ్లు జివ్వుమంటే ఒక రాత్రి ఆపుకోవచ్చు, పగ్గం మీ చేతిలో ఉంటుంది. అన్నట్టు, ఆ "లేజర్" చాలా చోట్ల లేజర్ కాదు, నీలం ఎల్ఈడీ లైటు. పని చేసేది జెల్. లైటు వల్ల అదనంగా వచ్చేది పెద్దగా ఏమీ లేదు, ఫోటోకు మాత్రం బాగుంటుంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మీలాగే తెల్లమచ్చలున్న ఒక అమ్మాయికి నేరుగా క్లినిక్ బ్లీచింగ్, అంటే ఈ వైటెనింగే, చేశాను. ఏం జరుగుతుందో ముందుగా చెప్పలేదు. సాయంత్రం నవ్వుకుంటూ వెళ్లిన పిల్ల మర్నాడు పొద్దున్నే ఏడ్చుకుంటూ వచ్చింది, వెంట వాళ్లమ్మ. పళ్ల మీద ముగ్గుపిండి చల్లినట్టు మచ్చలు ముందుకంటే రెట్టింపు కనిపిస్తున్నాయి. బ్లీచింగ్‌లో పన్నులోని తడి ఆరిపోతుంది. పొడి పన్ను మీద మచ్చ ఎట్లా వెలుగుతుందో అద్దం ముందు పరీక్షలో మీరే చూస్తారు. దానికి తోడు మందు మచ్చను కూడా తెలుపు చేస్తుంది. పది రోజుల్లో తడి తిరిగొచ్చి మచ్చలు తగ్గాయి, చుట్టూ ఉన్న పన్ను కూడా తెల్లబడ్డది కాబట్టి తేడా ముందుకంటే తక్కువే కనిపించింది. కానీ ఆ పది రోజులూ ఆ పిల్ల కాలేజీకి పోలేదు. అందుకే పెళ్లికి రెండు రోజుల ముందు "గంటలో" వైటెనింగ్ చేయించుకుంటానంటే నేను మన వైపు పళ్లకు ఒప్పుకోను. నున్నగా, ఒకే పసుపు ఛాయలో ఉన్న పళ్లవాళ్లకైతే అది వేరే విషయం.

వైటెనింగ్ రంగు ఎప్పటికీ ఉండిపోదు. ఏడాది నుంచి మూడేళ్లలో మెల్లగా దిగుతుంది. ట్రే దాచుకుంటే రెండు మూడు రాత్రులు మళ్లీ పెట్టుకుంటే చాలు. జెల్ పెట్టుకునే వారాల్లో చాయ్, పసుపు దట్టంగా వేసిన కూరలు తగ్గించమంటాం. మన వంటిల్లు తెలిసి కూడా అలా చెప్పడం నాకే నవ్వొస్తుంది. మానలేకపోతే తిన్న వెంటనే నీళ్లు పుక్కిలించండి, అదైనా చేయండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వాయిదా వేస్తాం. 18 ఏళ్లలోపు పిల్లలకు నేను చేయను. ఇంకొకటి, సిమెంటు నింపిన చోటా, క్యాపు ఉన్న పన్నూ బ్లీచింగ్‌తో తెల్లబడవు. పాత ఫిల్లింగు ముందుపంట్లో ఉంటే, చుట్టూ తెల్లబడి అదొక్కటే పాత రంగులో మిగులుతుంది. దాన్ని తర్వాత మార్చాలి.

నాలుగోది రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్. రెజిన్ అంటే లైటు పడితే గట్టిపడే ప్లాస్టిక్‌లాంటి మందు. తడి-పొడి తేడా బాగా ఉన్న తెల్లమచ్చలకు ఇది. రంధ్రాల్లో గాలి ఉన్నంతకాలం వెలుతురు అక్కడ చెదిరి తెల్లగా కనిపిస్తుంది. పైపొరను ఆమ్లంతో తెరిచి, ఆరబెట్టి, నీళ్లలాంటి పలచని రెజిన్‌ను ఆ రంధ్రాల్లోకి ఇంకనిచ్చి లైటుతో గట్టిపరుస్తాం. నూనె పడ్డ కాగితం అవతలి అక్షరాలు కనిపిస్తాయి చూడండి, అట్లాంటి మాయే. లోతైన మచ్చలకు పూర్తిగా పనిచేయదు, కొంత తగ్గుతుంది. మందు ఖరీదు, అందరి దగ్గరా ఉండదు.

ఇవన్నీ అయ్యాక కూడా ఒకటి రెండు పళ్ల మీద గుంటలో, మొండి మచ్చో మిగిలితే ఆ చోట మాత్రమే కాంపోజిట్, అంటే పంటి రంగు రెజిన్, పూత పెట్టొచ్చు. కుర్చీలోనే, ఒక్క పూటలో అవుతుంది. విరిగితే మళ్లీ అతకొచ్చు. నాలుగైదేళ్లకు మెరుపు తగ్గుతుంది, అంచు చిట్లుతుంది. సంక్రాంతి తర్వాత వారం నా దగ్గరికి వచ్చే చిట్లిన కాంపోజిట్లలో సగం సకినాల పుణ్యమే. బ్లీచింగ్ చేయించుకుంటే ఆ తర్వాత కనీసం రెండు వారాలు ఆగి గానీ కాంపోజిట్ పెట్టకూడదు. పన్నులో మిగిలిన ఆక్సిజన్ వల్ల అతుకు సరిగ్గా పట్టదు. రంగు కూడా అప్పటికి గానీ నిలకడకు రాదు.

ఇప్పుడు వెనీర్లు. నేను వెనీర్లకు వ్యతిరేకిని కాను, నేనూ పెడతాను. పైపొర పెచ్చులూడి, గుంటలు పడి, పన్ను ఆకారమే చెడినవాళ్లకు, పై మెట్లన్నీ ఎక్కి చూసి చాలనివాళ్లకు అది మంచి వైద్యం. కానీ మీరు పెట్టిన వివరాలను బట్టి చూస్తే, 24 ఏళ్ల వయసులో, గుంటల్లేని పళ్లకు, మొదటి రోజే పది వెనీర్లు అనడం నాకు మింగుడుపడలేదు.

మన బడి పుస్తకాల్లో పన్ను పైపొరను పింగాణీ పొర అని రాశారు, గుర్తుందా? వెనీరూ పింగాణీయే. అంటే దేవుడిచ్చిన పింగాణీని గీకి, డబ్బులిచ్చి కొన్న పింగాణీని అతికించడం. గీకేది మిల్లీమీటరులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా. వినడానికి చిన్నదే. కానీ చిగురు దగ్గర ఆ పొర మొత్తం మందమే అరమిల్లీమీటరు లోపు, మీ వేలిగోరంత. అది పోతే మళ్లీ పుట్టదు. వెనీరు గట్టిగా అతుక్కునేది కూడా ఆ పొరకే, దాని కిందున్న డెంటిన్‌కు పట్టు తక్కువ. పైగా మన ఫ్లోరైడ్ పళ్లకు ఇంకో మెలిక ఉంది. పైపొరకు ఆమ్లం సులువుగా ఎక్కదు, అతికించే ముందు మామూలుకంటే ఎక్కువ సేపు పట్టించాలి. ఈ సంగతి తెలియని చోట, హైదరాబాద్ పళ్లకు చేసినట్టే మన పళ్లకు చేస్తే, వెనీరు పెళ్లి ఫోటోల ఆల్బమ్ రాకముందే చేతిలోకి ఊడి రావచ్చు.

బాగా చేసిన సిరామిక్ వెనీర్లు పది పదిహేనేళ్లు, జాగ్రత్తగా చూసుకుంటే అంతకుమించి ఉంటాయి. లెక్క మీరే వేసుకోండి. 24కు పెట్టించుకుంటే నలభై లోపు ఒకసారి, అరవై లోపు ఇంకోసారి మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం పన్ను పోతుంది, పది పళ్ల డబ్బులు మళ్లీ పోతాయి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే రాత్రి గార్డు తప్పదు. మటన్ బొక్కలు ముందుపళ్లతో లాగడం బందే.

అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటి చెప్తాను. వెనీర్ల పేరుతో క్యాపులు వేయడం. నాలుగేళ్ల కింద దేవరకొండ వైపు అబ్బాయి ఒకతను వచ్చాడు. పెళ్లికి ముందు సిటీలో రెండు రోజుల్లో "ఆరు వెనీర్లు" వేయించుకున్నానన్నాడు. చూస్తే అవి వెనీర్లు కావు, జిర్కోనియా క్యాపులు. వెనీరు పన్ను ముందు ముఖానికి మాత్రమే అతికే పలక. క్యాపుకు పన్నును చుట్టూ చెక్కాలి, పైకి కనిపించే పన్నులో సగానికి పైగా పోతుంది. అతని పళ్లు గాజు పలకల్లా ఒకే తెలుపు, మధ్యలో సందుల్లేవు, చిగుళ్లు ఊదారంగులో ఉబ్బి ఉన్నాయి. రెండు పళ్లకు లోపల చీము. నిక్షేపంగా ఉన్న పళ్లకు రూట్ కెనాల్ చేయాల్సి వచ్చింది. "నా పళ్లు గార ఉండె గానీ గట్టిగుండె మేడమ్" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

కాబట్టి ఎవరైనా మీకు వెనీర్లు అంటే ఇవి అడగండి. పన్ను వెనక వైపు కూడా చెక్కుతారా? చెక్కుతామంటే అది వెనీరు కాదు. మత్తు సూది ఎందుకు, ఎంత మందం తీస్తారు? చెక్కకముందు మాకప్ చేసి చూపిస్తారా? మేకప్ కాదు, మాకప్. రేపు పళ్లు ఎట్లా ఉండబోతాయో పన్ను ముట్టుకోకుండా తాత్కాలిక మెటీరియల్‌తో నోట్లోనే పెట్టి చూపించడం. దాంతో ఇంటికెళ్లి అమ్మకు చూపించి, ఫోన్లో మాట్లాడి, ఒక ముద్ద తిని చూడొచ్చు. మాకప్ అక్కర్లేదు, డైరెక్టుగా చేసేద్దాం అనే చోటు నుంచి లేచి వచ్చేయండి. మైక్రోఅబ్రేషన్ ఎందుకు వద్దంటున్నారో కూడా అడగండి. కారణం సరిగ్గా చెప్తే, ఉదాహరణకు మీ పొర పెచ్చులూడే దశలో ఉందని పన్ను మీద చూపిస్తే, అప్పుడు వాళ్ల మాటే నిజం కావచ్చు. నేను మీ నోరు చూడలేదు, వాళ్లు చూశారు.

డబ్బుల సంగతి. వైటెనింగ్‌కు మొత్తం నోటికి కలిపి ఒక రేటు ఉంటుంది, వెనీర్లకు పన్నుకింత అని ఉంటుంది. కొటేషన్లు పోల్చేటప్పుడు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. మన వైపు నేను చూస్తున్నంతలో కాంపోజిట్ పన్నుకు 2,000 నుంచి 4,000, సిరామిక్ వెనీరు పన్నుకు 10,000 చుట్టుపక్కల నుంచి పైకి. పది పళ్లంటే లక్ష దాటుతుంది. క్లీనింగ్, మైక్రోఅబ్రేషన్, ఇంటి ట్రే మూడూ కలిపినా అందులో చిన్న వాటా. అదీ బరువనిపిస్తే నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలున్నాయి, హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. పీజీ చదివే పిల్లలు ప్రొఫెసర్ల కనుసన్నల్లో చేస్తారు, టైమ్ ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువ. ఫ్లోరోసిస్ పళ్లు వాళ్లు రోజూ చూస్తారు, అది తక్కువ లాభం కాదు.

మీ పది వారాలకు నేనైతే ఇట్లా చేస్తాను. ఈ వారమే క్లీనింగ్, పుచ్చుపళ్లుంటే వాటి పని. జివ్వుమనే పళ్లకు వాడే పేస్టు ఇప్పటినుంచే మొదలుపెట్టండి. రెండో వారం మైక్రోఅబ్రేషన్, అవసరమైతే మూడో వారం ఇంకోసారి. నాలుగు నుంచి ఆరో వారం దాకా ఇంటి ట్రే. మొదటి నాలుగైదు రోజులు మచ్చలు ఎక్కువ కనిపిస్తాయి, భయపడొద్దు, సెల్ఫీలు తీసుకోవద్దు. ఏడు, ఎనిమిది వారాల్లో ఏమీ చేయకుండా ఊరికే ఉండండి. తొమ్మిదో వారం మిగిలిన దానికి ఇన్‌ఫిల్ట్రేషనో, ఒకటి రెండు పళ్లకు కాంపోజిటో. పదో వారం మీది, పెళ్లిది. చాలామంది ఆరో వారానికే "ఇది చాలు డాక్టరమ్మా" అంటారు. ఆ మాట వచ్చిన చోట నేను ఆగిపోతాను. మొదటి నెల చూసుకున్నాక కూడా మీకు వెనీర్లే కావాలనిపిస్తే దారి మూసుకుపోలేదు, పెళ్లయ్యాక నిదానంగా చేయించుకోవచ్చు. వెనీర్ల నుంచి వెనక్కి రావడానికి మాత్రం దారి లేదు.

మధ్యలో నిమ్మకాయ, తినే సోడా, బొగ్గుపొడి, యూట్యూబ్ చిట్కాలు వద్దు. నిమ్మరసం పొరను కరిగిస్తుంది, బొగ్గు గీకుతుంది. రెండూ కలిస్తే కింద ఉన్న పసుపు డెంటిన్ ఇంకా బాగా కనిపిస్తుంది.

ఎంత తెలుపు కావాలి అన్నది కూడా ముందే అనుకోండి. మా దగ్గర రంగులు పోల్చే పళ్ల నమూనాలు పదహారు ఉంటాయి. అందరూ మొదట అన్నింటికంటే తెల్లదాన్ని చూపిస్తారు. నేను అద్దం ఇచ్చి, ఆ నమూనాను కంటి తెల్లగుడ్డు పక్కన పెట్టి చూపిస్తాను. కన్ను కంటే పన్ను తెల్లగా ఉంటే ముఖంలో ముందు పళ్లే మాట్లాడతాయి. నేను నా పళ్లకు మైక్రోఅబ్రేషన్, ఇంటి ట్రే చేయించుకుని ఆగిపోయాను. గోధుమరంగు పోయింది, దగ్గరగా చూస్తే తెల్ల చారలు ఇంకా ఉన్నాయి. కొత్త పేషెంట్లు కొందరు వాటిని చూసి ధైర్యం తెచ్చుకుంటారు, కొందరు అనుమానంగా చూస్తారు.

మీ అక్క కూతురికి మూడేళ్లన్నారు, "దానికీ ఇట్లనే అయితదా" అని. పై చెప్పిన లెక్క ప్రకారం ఆమె పెద్ద పళ్లు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి, అంటే అడగాల్సిన సమయంలోనే అడిగారు. చౌటుప్పల్‌లో 2015లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ వేసిన తర్వాత పుట్టిన పిల్లల నోళ్లలో నేను తేడా చూస్తున్నాను. కృష్ణా నీళ్లు తాగినవాళ్ల ముందుపళ్లు నున్నగా వస్తున్నాయి. అయితే నల్లా నీళ్లు తాగడానికి, బోరు నీళ్లు వంటకు అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. అన్నం, పప్పు, చాయ్ అన్నీ నల్లా నీళ్లతోనే చేయమనండి. నల్లా రాని రోజుల్లో ఏ నీళ్లు వాడుతున్నారో, అవి ఒకసారి పరీక్ష చేయించండి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టింది, నాగ్‌పూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది. ఇథియోపియాలో, టాంజానియాలో కూడా వాడి చూశారు. మన పేరు అట్లా ఊళ్లు తిరిగింది. పాపకు పేస్టు బియ్యపుగింజంత చాలు, మింగకుండా ఊసేయడం నేర్పించండి.

క్లీనింగ్ అయ్యాక రెండు ఫోటోలు తీయండి, ఒకటి పళ్లు తడిగా ఉన్నప్పుడు, ఒకటి తుడిచి నిమిషం ఆరాక. పగటి వెలుతురులో, ఫోన్లో బ్యూటీ మోడ్ ఆపేసి. పెట్టండి, చూసి ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టాలో చెప్తాను.